ఇంటి బండి, పిల్లవాని చేతిలో తాళం

వాహన బీమా పత్రాన్ని పూర్తిగా చదివినవారు మనలో బహు తక్కువ. ప్రీమియం చెల్లించి, రసీదును బండి పెట్టెలో పడవేసి, పోలీసువారు ఆపిన నాడు మాత్రమే దానిని వెదకడం మన అలవాటు.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారి ఇండ్లలో పిల్లలకు పదహారో ఏట లైసెన్సు వచ్చిందంటే ఇంటి ఖర్చుల లెక్కే మారిపోతుంది. ఆ ఇంట కారు నడపగల వారందరి పేర్లనూ అక్కడి బీమా సంస్థలు సాధారణంగా అడుగుతాయి. అనుభవం లేని యువకుని పేరు చేరగానే ప్రీమియం బాగా పెరుగుతుంది. మన పద్ధతి వేరు. ఇక్కడ ప్రీమియం ప్రధానంగా బండిని బట్టియే గాని, నడిపేవాని వయస్సును బట్టి కాదు. 2022లో నిర్ణయించిన రేట్లలో 1000 సి.సి.కి మించని సొంత కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2,094 రూపాయలు. తండ్రి నడిపినా, పందొమ్మిదేండ్ల కొడుకు నడిపినా అంతే.

ఇది మనకు లాభమే కదా అని కొందరు మిత్రుల వాదన. నాకట్లా తోచదు. ముందు అడగని ప్రశ్నను మన సంస్థలు ప్రమాదం జరిగిన తరువాత అడుగుతాయి: ఆ సమయాన బండి నడిపినవానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్నదా? లేదంటే బండి మరమ్మతు ఖర్చు మన నెత్తినే. దారిన పోయేవాడు గాయపడితే, 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతిన, సంస్థ బాధితునికి ముందు చెల్లించి, యజమాని తెలిసి బండి ఇచ్చినట్లు రుజువైతే ఆ సొమ్మును అతని నుండి రాబట్టుకోవచ్చు. ఆ యజమాని ఎవరు? చాలా ఇండ్లలో, వాయిదాల మీద బండి కొన్న అబ్బాజానే. 2019 సవరణ ఇంకా కఠినమైనది. మైనరు నేరానికి సంరక్షకునికి లేదా యజమానికి మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవానికి ఇరవై అయిదేండ్లు నిండేవరకు లైసెన్సు రాదు.

లైసెన్సు ఉన్నవారికి సైతం తెలియని సంగతి మరొకటి ఉన్నది. పాలసీలోని 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానికే వర్తిస్తుంది, బండిని అడిగి తీసుకున్న కొడుక్కు గాని కూతురికి గాని కాదు. అడిగి తెచ్చుకున్న బండిని నడిపేవాడు యజమాని స్థానంలోనే నిలుస్తాడనీ, 163-ఎ సెక్షను కింద ఆ బండి బీమా నుండే పరిహారం కోరజాలడనీ 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదనపు రుసుముతో ఇతరుల పేర్లు చేర్పించుకునే వీలున్నది. ఎందరు తండ్రులు అడిగారు? మన ఇండ్లలో ‘అమానత్’ అనే మాట తరచుగా వినబడుతుంది. ఇతరుల సొమ్ము విషయంలో దానిని పాటించే మనం, తాళం చెవిని మాత్రం కూరగాయల సంచీలా పిల్లవాని చేతికిస్తాము.

కళాశాల కమిటీ వారికి నా మనవి ఒక్కటే. ఇంటర్మీడియట్ విద్యార్థులలో అత్యధికులు పద్ధెనిమిదేండ్లు నిండనివారు. వచ్చే విద్యాసంవత్సరం నుండి లైసెన్సు, చెల్లుబాటులో ఉన్న పాలసీ చూపిన వారికే షెడ్డులో చోటివ్వండి. ఈ నియమాన్ని ఉర్దూ, తెలుగు రెండు భాషలలోనూ గేటు వద్ద వ్రాయించండి. చూపలేని పిల్లలను గేటు దగ్గర నిలబెట్టి అవమానించక, వారి బస్సు పాసు దరఖాస్తుపై ఆనాడే సంతకం చేసి పంపండి.