ఆ పిల్ల సరే, తల్లేదీ?

మిర్చి పైకం చేతికొచ్చే రోజుల్లో మా గుంటూరు బజార్లు కళకళలాడతాయి. బంగారం, బట్టలు, ఫ్రిజ్‌ల సరసన ఈమధ్య కుక్కపిల్ల కూడా చేరింది. ఫోన్లో ఫొటో చూడ్డం, డబ్బు పంపడం, అట్టపెట్టెలో పిల్ల ఇంటి ముందు దిగడం! 2003లో హచ్ ఫోను ప్రకటనలో పిల్లాడి వెంట పగ్ తిరిగింది మొదలు ఆ చప్పిముక్కు కుక్కకు ఎక్కడలేని గిరాకీ. వేడిలో దానికి ఊపిరాడటమే కష్టమని ఎవరు చెప్తారు? ఇప్పుడు మంచుదేశాల హస్కీ కూడా వస్తోంది. రెంటచింతల ఎండల సంగతి దానికేం తెలుసు పాపం!

పెంచుకుంటే తప్పేముంది అంటారా? పెంచుకోండి, నేను కాదనను. కానీ చీర కొనేటప్పుడు మడత విప్పించి అంచూ కొంగూ చూడందే పైసా ఇవ్వని మనం, ప్రాణమున్న పిల్లను కొనేటప్పుడు "దీని తల్లేదీ?" అని ఒక్క మాట అడగమేం?

అడిగి చూడండి. "ఊళ్లో లేదండీ" అనో, "ఫామ్‌లో ఉందండీ" అనో తప్పించుకునేవాళ్లే ఎక్కువ. ఆ ఫామ్ చాలాసార్లు ఊరి చివర రేకుల షెడ్డు. అందులో ఇనుప బోన్లు, బోనుకో ఆడకుక్క. ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది, వచ్చినప్పుడల్లా జత కట్టిస్తారు. 63 రోజులు మోసి కంటే, సరిగ్గా పాలు మరవకముందే పిల్లల్ని లాగేస్తారు. మళ్లీ ఎద, మళ్లీ చూలు. మన ఇళ్లలో బాలింతను గాలి తగలనివ్వం, పథ్యం పెడతాం. దానికి ఆ బోనే పురిటిగది.

నాలుగేళ్ల కిందట చిలకలూరిపేట దగ్గర కాలవగట్టున మావారికి ఒక లాబ్రడార్ కనిపించింది. రొమ్ములు నేలకు వేలాడుతున్నాయి. మోచేతుల దగ్గర బొచ్చు ఊడి కాయలు కాశాయి. గోళ్లు వంకీలు తిరిగాయి. డాక్టరుగారు పళ్లు చూసి ఆరేడేళ్లుంటాయనీ, చాలా కాన్పులు అయ్యుంటాయనీ అన్నారు. గర్భసంచిలో చీము పట్టింది, ఆపరేషన్ చేసి తీసేశారు. బంగారి అని పేరు పెట్టాం.

దానికి మట్టి మీద నడవడం రాదు. గడ్డి తగిలితే కాలు వెనక్కి లాక్కునేది. నేను చీపురు తీస్తే చాలు, ఉన్నచోటే ఒంటేలు పోసేది. ఇలాంటిదాన్ని చేరదీస్తే ముద్దులాడాలని తొందరపడకూడదు. ఒక మూల గోనెపట్టా వేసి, వేళకు తిండీ నీళ్లూ పెట్టి, పక్కన కూచుని మన పని మనం చేసుకోవాలి. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ కూచునేదాన్ని. తనంతట తానే దగ్గరకు రావాలి. నులిపురుగుల మందు, టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ తప్పవు. ఎండగా ఉందని ఒత్తుబొచ్చు కుక్కకు గుండు కొట్టించకండి, ఆ బొచ్చే ఎండనుంచి కాపాడుతుంది. తారురోడ్డు మీద మన అరచెయ్యి ఆనించలేకపోతే దాన్నీ నడిపించకండి. మిర్చి ఆరబోసిన కల్లాలవైపు అసలే వద్దు.

బంగారి మూడోనెలలో తోక ఊపింది. చెప్పొద్దూ, ఆరోజు పాయసం వండాను!

చట్టం లేదా అంటే ఉంది. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. తల్లికి ఏడాదిన్నర నిండాలి, ఎనిమిదేళ్లు దాటకూడదు. ఏడాదికి ఒక్క కాన్పే, జన్మలో అయిదే. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయితే 1960 నాటి జంతుహింస చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. యాభై రూపాయలకు ఒకపూట కూరలొస్తాయా? అందుకే మనం అడగడమే ముఖ్యమంటాను. నమోదు కాగితం అడగండి, తల్లిని కళ్లారా చూపించమనండి. కుదరదంటే లేచి వచ్చేయండి.

మా మేనకోడలు మొన్న షిట్జూ కావాలని పట్టుబట్టింది. "అత్తా, ఊరకుక్కను పెంచితే ఫ్రెండ్స్ నవ్వుతారే" అంది. "నవ్వనీ. ముందు వాడికి ఫోన్ చేసి తల్లిని చూపించమను" అన్నాను. చేసింది. అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేసింది, ఎత్తలేదు. వాళ్ల వీధి చివర పిండిమర దగ్గర ఒక ఊరకుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. రెండు నెలలు నిండాక అందులో ఒకదాన్ని తెచ్చుకుని, పశువుల ఆసుపత్రిలో టీకా వేయించింది. తల్లికీ రోజూ పెరుగన్నం పట్టుకెళ్తోందట.