అంబలి పోయె.. చిప్స్‌ పొట్లం వచ్చె!

శ్రీకాకుళం/విజయనగరం: 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి సాధన ప్రారంభించింది ఆమదాలవలస చెంత ఊసవానిపేటలో. 2014 గ్లాస్గో కామన్వెల్త్‌ క్రీడల పతక విజేత మత్స సంతోషిది విజయనగరం జిల్లా కొండవెలగాడ. ఇంత ఘనత గల గడ్డపైనా పదో తరగతి వచ్చేసరికి ఆటల పీరియడ్‌ లెక్కల పాలవుతోంది. ఆడపిల్లలకైతే ఇంకా ముందే!

5-17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 2016 గణాంకాల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా 11-17 ఏళ్ల వారిలో 81 శాతం మందికి అది కరవే. రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం బాల్యంలోనే మొదలవుతుంది. నడివయసు గుండెపోటుకు బీజం అక్కడే పడుతోంది.

చోడి అంబలితో పెరిగిన ఇళ్లలో నేడు చిప్స్‌, శీతల పానీయాలు రాజ్యమేలుతున్నాయి. 2023లో మధ్యాహ్న భోజన పథకంలో రాగిజావ చేర్చడం మెచ్చదగినదే. కానీ పిల్లవాడు గేటు దాటితే ఎదురయ్యేది ఉప్పు, నూనె, చక్కెరల దుకాణమే. కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న ఆహారాన్ని బడి ఆవరణలోను, గేటుకు 50 మీటర్ల లోపునా విక్రయించరాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2020లోనే నిబంధన చేసింది. దాని అమలు తీరు తెలియాలంటే అధికారులు నివేదికలు తెప్పించుకోనక్కర్లేదు. విరామ సమయంలో ఏదో ఒక బడి ముందు నిలబడితే చాలు.