భాషాయాత్రయా, వినోదయాత్రయా?

ఫ్రెంచిభాషను నేర్పుచున్న మన నగర పాఠశాలలు కొన్ని తమ విద్యార్థులను సెలవులలో ఫ్రాన్సుదేశమునకు గొనిపోవుచున్నవి. భాషను అది పుట్టినచోటనే వినవలయుననియు, ఆ జనుల ఆచారవ్యవహారములను కన్నులార చూడవలయుననియు దీని యుద్దేశమట. ఉద్దేశము మంచిదే. మన పిల్లలు నూతికప్పలవలె పెరుగవలెనని మేము కోరము. పరభాష యొకటి వచ్చినంతమాత్రమున స్వభాష చెడునని తలచువారమును గాము. అయితే తల్లిదండ్రుల యొద్ద లక్షలు పుచ్చుకొని సాగించు నీ యాత్రలో భాష యెచ్చట నున్నదో వెదకినను కానరాకున్నది.

పదిదినముల కార్యక్రమమును పరికింపుడు. పారిసు నగరమున ఐఫెలు గోపురము, లూవ్రు ప్రదర్శనశాల, సేను నదిలో నౌకావిహారము, ఒకదినము వినోదోద్యానము. బస్సులో ప్రక్కన కూర్చుండువాడు తోడి తెలుగు బాలుడే. వింతలు చూపువాడు ఇంగ్లీషున చెప్పును. భోజనమునకు పప్పన్నమే పెట్టింతుమని ప్రకటనపత్రమున పెద్దయక్షరములతో ముద్రింతురు. ఇక ఫ్రెంచి మాటాడవలసిన యగత్యము రొట్టెల దుకాణమున తప్ప బాలునకు మఱెచ్చట గలుగును? అచ్చటను దుకాణదారుడు వీని తడబాటు చూచి జాలిపడి తానే ఇంగ్లీషునకు దిగును! గోపురమును చూచుట తప్పుగాదు. దానికి భాషావిద్య యని పేరుపెట్టి యమ్ముటయే తప్పు.

భాషకొఱకు పిల్లలను పంపుట యెట్లో ఫ్రాన్సు, జర్మనీ దేశములు చూపినవి. 1870లోను, 1914లోను, 1939లోను, అనగా ఒక మనుష్యుని యాయుర్దాయములో ముమ్మారు, ఇవి పరస్పరము యుద్ధమునకు దిగినవి. 1963 జనవరి 22వ తేదీన ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్, పశ్చిమ జర్మనీ ప్రధాని అడెనార్ పారిసున సంధిపత్రముపై సంతకములు చేసిరి. యువజనుల రాకపోకలకై ఉభయప్రభుత్వముల ధనముతో నాయేడే యొక కార్యాలయము నెలకొల్పబడెను. నాటినుండి తొంబది లక్షలకు మించిన యువజనులు దాని సాయమున అటునిటు పోయివచ్చిరి. వారి పద్ధతులలో నొకటి మనము గమనింపదగినది. ఫ్రెంచి బాలిక జర్మను బాలిక యింట మూడునెలలవఱకు నుండి, ఆమెతోకూడ బడికి పోవును. పిమ్మట జర్మను బాలిక వచ్చి ఫ్రెంచివారి యింట నంతకాలము గడపును. వేఱొక పద్ధతిలో నీ గడువు ఆరేసి నెలలు. ఆ యింటివారు వండినదే తినవలెను. వారి ముసలమ్మ అడిగినదానికి బదులు చెప్పవలెను. తలనొప్పి వచ్చినను వారి భాషలోనే మొఱపెట్టుకొనవలెను. అట్టిచోట వ్యాకరణము గత్యంతరములేక నోటికి వచ్చును.

అవి యిరుగుపొరుగు దేశములు, మనకు సముద్రము లడ్డము అని కొందఱనవచ్చును. దూరమధికమగుటచేతనే పదిదినములు చాలవని మేమనుచున్నాము. నలుబదిమందిని త్రిప్పి తెచ్చుటకంటె అయిదుగురిని రెండునెలలుంచుట మేలు. ఆ యయిదుగురిని తండ్రుల సంచిబరువునుబట్టి గాక పిల్లల శ్రద్ధనుబట్టి యెన్నుకొనవలయును. నేడు తరగతిలో ఫ్రెంచి యందఱకంటె బాగుగ వచ్చిన బాలుడు డబ్బులేక యింట నిలిచిపోవుచుండ, క్రియాపదము నెఱుగనివాడు పారిసునుండి ఛాయాచిత్రములు పంపుచున్నాడు. తోటిపిల్లల యెదుట వానికి గలుగు చిన్నతనమును పాఠశాలాధికారులు లెక్కకు తెచ్చుకొనవలదా?

మఱియు, పోయినవాడు చూచువాడు మాత్రమే గాడు, చూపవలసినవాడు కూడ. రేపు ఫ్రెంచి బాలుడొకడు గోదావరీ తీరమున మన యింటికి వచ్చినయెడల వానికి చూపుటకేమి కొదువ? కాకినాడ చేరువనున్న యానాము 1954 వఱకు ఫ్రెంచి పాలనలో నుండిన తెలుగు పట్టణమే గదా! కాని చూపవలసిన మన పిల్లల స్థితి యెట్లున్నది? ఇంటర్మీడియేటులో మార్కులకొఱకు తెలుగును విడిచి సంస్కృతమో, ఫ్రెంచియో పుచ్చుకొనువా రనేకులు. మీభాషలోని కథ యొకటి చెప్పుమని ఫ్రెంచి గృహిణి యడిగినచో వీరు తలవంచుకొనవలసినదే.

ఇట్టి గతి పట్టవలసిన పనిలేదు. బంగాళమునకు చెందిన తోరూదత్తు 1869లో తల్లిదండ్రులతో ఐరోపాకు పోయి, నీసు పట్టణమున బడిలో ఫ్రెంచి చదివెను. ఫ్రెంచి కవితలను ఇంగ్లీషులోనికి మార్చి 1876లో ప్రకటించెను. ఫ్రెంచిలోనే యొక నవల వ్రాసెను. స్వదేశమునకు మరలినపిమ్మట తండ్రితో సంస్కృతమునకు గూర్చుండి, మన పురాణగాథలను ఇంగ్లీషు పద్యములుగ రచించెను. ఇంతయు నిరువదియొక్క యేండ్ల జీవితములో! 1877లో నామె గతించెను.

ఒడంబడికను చదువకయే సంతకముచేసి, పిదప వగచువారిని న్యాయస్థానములలో మేము నిత్యము చూచుచున్నాము. యాత్రకు డబ్బు కట్టబోవు తల్లిదండ్రులు ముందుగా కొన్ని సంగతు లడుగవలయును. బాలుడు ఎవరి యింట, ఎన్నిదినములుండును? వారి బడిలో కూర్చుండునా? ఆ యింటి బాలుడు మన యింటికెప్పుడు వచ్చును? డబ్బులేని విద్యార్థికి పాఠశాలవారు విడిచియుంచిన స్థానములెన్ని? వీనికి సమాధానములను నోటిమాటగాగాక వ్రాతమూలముగ పుచ్చుకొనుడు.