తమ్ము తామే లెక్కించుకొన్న ప్రజలు

పట్టణములందలి బీదవారి గుడిసెలను గూర్చి ప్రస్తావము వచ్చినప్పుడెల్ల మన పెద్దమనుష్యులు రెండు మాటలు చెప్పుచుందురు. వారు చట్టమును ధిక్కరించి పరుల నేలను ఆక్రమించిరనునది యొకటి. పాపము, వారికేదైన ధర్మము చేయవలెననునది రెండవది. మొదటిది కోపమువలన వచ్చిన మాట, రెండవది జాలివలన వచ్చిన మాట. ఈ రెంటిలోను ఆ బీదవాడు నోరు విప్పుటకు తావు లేదు. ఆతని విషయము ఇతరులు తీర్మానింతురు. ఆతడు తలవంచి వినవలెను. నగరములందలి నిరుపేదలు తమంతట తాము సంఘములుగా నేర్పడి, తమ లెక్కలు తామే వ్రాసికొని, అధికారుల యెదుట కూర్చుండి మాటలాడగలిగిన నాడే వారికి న్యాయము చేకూరునని మా నమ్మకము. ఇందులకు బొంబాయి నగర చరిత్రమే నిదర్శనము.

1981వ సంవత్సరము జూలైలో, వర్షములు కురియుచుండగా, కాలిబాటలపై నివసించువారిని తొలగించి వారివారి స్వస్థలములకు పంపివేయుదుమని మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే గారు ప్రకటించిరి. గుడిసెలు కూల్చబడెను. కొందఱు బస్సులలో నెక్కింపబడి నగరము వెలుపల దింపబడిరి. అప్పుడు ఓల్గా టెల్లిస్ అను పత్రికారచయిత్రియు, కొందఱు గుడిసెవాసులును న్యాయస్థానము నాశ్రయించిరి. వాదులలో నొకడు సేలము ప్రాంతమున కరవుచే బ్రతుకు తెరువు గానక బొంబాయి చేరిన కూలివాడు. 1985 జూలై 10వ తేదీన ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారితో గూడిన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము సుప్రీముకోర్టులో తీర్పు చెప్పెను. రాజ్యాంగము 21వ అధికరణమునందలి జీవించు హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడియున్నదని ఆ తీర్పు చాటినది. ఆ వాక్యమును నేటికిని న్యాయవాదులు సగర్వముగా నుదాహరింతురు.

కాని తీర్పు అంతటితో ముగియలేదు. కాలిబాటను ఆక్రమించు హక్కు ఎవ్వరికిని లేదనియు, 1888వ సంవత్సరపు మునిసిపలు చట్టము క్రింద తొలగించు అధికారము చెల్లుననియు ధర్మాసనము చెప్పెను. సాధారణముగా ముందు నోటీసిచ్చి వారి మాట వినవలెనని హెచ్చరించెను. వర్షకాలము గడచువఱకు, అనగా ఆ యేడు అక్టోబరు 31వఱకు, ఎవ్వరిని కదల్పరాదనెను. 1976లో తీసిన లెక్కలలో పేరుండి గుర్తింపుకార్డు పొందినవారికి వేఱొకచోట స్థలము చూపవలెననెను. పాఠకులు ఈ కడపటి మాటను శ్రద్ధగా గమనింతురుగాక. హక్కు అందఱిది; ఊరట మాత్రము లెక్కలో నున్నవానిది. కాగితముపై పేరు లేనివాడు ఎన్ని యేండ్లు ఆ కాలిబాటపై కాపురము చేసినను సర్కారు దృష్టిలో లేనివాడే.

ఈ రహస్యమును గ్రహించినవారు బైకుల్లాలోని కాలిబాటలపై కాపురముండిన స్త్రీలు. 1984లో నేర్పడిన స్పార్క్ అను సంస్థవారి తోడ్పాటుతో 1985లో కాలిబాటవాసుల జనగణనము జరిగెను. సుమారు 6,000 కుటుంబముల వృత్తాంతము వ్రాతలోనికి వచ్చెను. వారు దేశద్రిమ్మరులు కారనియు, ఏండ్లతరబడి అచ్చటనే యుండి నగరమునకు చాకిరి చేయుచున్నవారనియు, బండిచార్జీలకు చాలని కూలి గనుక పనికి నడచిపోగల చోటనే గుడిసె వేసికొనిరనియు తేలెను. పిమ్మట ఆ స్త్రీలు మహిళా మిలన్ అను పేర కూడుకొని రోజుకూలిలో మిగిలిన చిల్లరను కూడబెట్టి, పొదుపు లెక్కలు తామే నడుపుకొనిరి. తమకు కావలసిన యిల్లెట్టిదో నిజమైన కొలతలతో నమూనా నిలిపి అధికారులను పిలిచి చూపిరి. ఇంజనీరు గీచిన పటముపై వ్రేలిముద్ర వేయుట వేఱు, తన యింటి కొలత తానే చెప్పుట వేఱు.

వీరితో చేయి కలిపిన జోకిన్ అర్పుతం గారి జీవితమును ఇచ్చట స్మరింపదగును. ఆయన 1946లో కోలారు బంగారు గనుల ప్రాంతమున జన్మించి, కూలిగా బొంబాయి చేరి, ట్రాంబేలోని జనతా కాలనీలో నివసించెను. అణుపరిశోధన కేంద్రమునకు సమీపమున నున్న ఆ పేటను తొలగింపరాదని వారు చేయని పోరాటము లేదు. అయినను 1976లో, అత్యయికస్థితి దినములలో, ఆ పేట నేలమట్టమాయెను. సుమారు 70,000 మంది చీతా క్యాంపునకు తరలింపబడిరి. ఆ యోటమి వారికి గురువాయెను. వలదు వలదని యడ్డుపడుటతో పని తీరదు. ఎచ్చటికి, ఎప్పుడు, ఎట్లు వెళ్లవలెనో ప్రజలే చెప్పగలిగియుండవలెను. అందుకు లెక్కయు, పొదుపును, కట్టుబాటును ముందే సిద్ధముగా నుండవలెను. నోటీసు వచ్చిన పిదప సభ చేయుట చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటయే.

ఆ సిద్ధపాటు ఫలము కొన్ని యేండ్లకు కనబడెను. 2000వ సంవత్సర ప్రాంతమున బొంబాయి రైలుమార్గముల విస్తరణకై పట్టాల ప్రక్కనున్న గుడిసెలను తీయవలసివచ్చినప్పుడు, ఈ సంఘములే ఇంటింటి జాబితాలు తయారుచేసి, ఎవరికే యిల్లో నిర్ణయించి, సుమారు 60,000 మందిని నిర్బంధము లేకుండ క్రొత్త నెలవులకు చేర్చినవి. లాఠీ లేచినచోట సంవత్సరములు పట్టు పని, జాబితా నమ్మకముగా నున్నచోట సులువుగా సాగినది. రైళ్లకును లాభము, కాపురములకును లాభము. అర్పుతం గారికి 2000లో మెగసెసే బహుమానము లభించెను. 2018లో ఆయన స్వర్గస్థులైరి.

ఇదంతయు మహారాష్ట్రుల సంగతి గదా, మనకేల యని యెవరైన నడుగవచ్చును. బొంబాయిలోని కామాఠిపుర మను పేరే, ఆ నగరమున మేడలు కట్టిన తెలుగు కూలీల నుండి వచ్చినది. పాలమూరు కూలీలు త్రవ్వని కాలువ, మోయని రాయి దేశమున అరుదు. 2011 జనాభా లెక్కల ప్రకారము, పట్టణ కుటుంబములలో మురికివాడలయందున్నవారి పాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున నూటికి 35కు పైగా నుండెను. ఏ యితర రాష్ట్రమునను అంత లేదు. పది లక్షలు మించిన నగరములలో విశాఖపట్టణమునకే ఆ యపకీర్తిలో ప్రథమస్థానము: నూటికి 44. విజయవాడలో నూటికి 40. ఇది పొరుగింటి నిప్పు కాదు.

హైదరాబాదులో 2024 సెప్టెంబరున మూసీ తీరమునందలి యిండ్ల గోడలపై అధికారులు ఎఱ్ఱరంగుతో గుర్తులు వ్రాసిరి. కొందఱు రెండు పడకగదుల యిండ్లకు తరలిరి. కొందఱు కదలమని నిలిచిరి. నది శుభ్రపడవలెననుటలో మాకు భేదాభిప్రాయము లేదు. గోడమీద గుర్తు పడుటకు ముందే ఆ యింటివారి పేరు, వారి పని, పిల్లల బడి, బాకీ, కాగితము అన్నియు వారి సంఘపు పుస్తకమున నుండవలసినది గదా యని మా బాధ. అదే యేడు నవంబరు 13వ తేదీన సుప్రీముకోర్టు, పదునైదు దినముల నోటీసు లేక యిండ్లు కూల్చరాదని శాసించెను. అయితే రోడ్డు, కాలిబాట, రైలుమార్గము, నది వంటి బహిరంగస్థలములందలి ఆక్రమణములకు ఆ రక్షణ వర్తింపదని యందులోనే యున్నది. అనగా మిక్కిలి బీదవానికి న్యాయస్థానపు గొడుగు నేటికిని పూర్తిగా పట్టలేదు. వానికి మిగిలిన గొడుగు వాని సంఘమే.

ఆక్రమణమును ప్రోత్సహించుట ధర్మమా యని కొందఱు పెద్దలు ప్రశ్నింపవచ్చును. నడచుటకు బాట ఉండవలెననుట న్యాయమే. బిడ్డతో కాలిబాట విడిచి మోటారుల నడుమ నడచువాని కష్టమును మేమెఱుగుదుము. కాని ఉదయము మన యింట అంట్లు తోము మనిషి, మన మేడకు సున్నము వేయు మనిషి, మన వీధి యూడ్చు మనిషి రాత్రి ఎచ్చట తల వాల్చవలెనో నగరము చెప్పలేదు. పని కావలెను, పనివాడు కనబడరాదనుట ఏ ధర్మశాస్త్రమునను లేదు. మఱియొక యాక్షేపము గలదు: సంఘములు పెట్టినచో నాయకులు పుట్టి ఓట్లకు బేరమాడుదురని. సంఘము లేనిచోటనే ఆ బేరము జరుగుచున్నది. నీటికుళాయికి నెలమామూలు గుంజు పేటపెద్దయు, ఎన్నికలనాడు పట్టాలు చూపి మఱునాడు మాయమగు దళారియు ఒంటరివాని భయముపైననే బ్రతుకుదురు. లెక్కపుస్తకము పదిమంది స్త్రీల యెదుట చదువబడునచోట వారి యాట సాగదు.

గ్రామములందలి భూస్వాములకు ఒక మాట. మీ పొలమునకు పట్టాయు, శిస్తు రసీదును లేనిచో మీకు నిద్ర పట్టునా? సర్వే రాయి ఒక గజము జరిగిన మీరు జిల్లాకోర్టు దాక పోవుదురు. మీ యూరినుండి వానలు లేక వలసపోయిన పాలేరునకు, ఆతని గుడిసె పేరున్న జాబితాయే ఆ పట్టా. మీకు న్యాయమైనది ఆతనికి నేరము కాజాలదు.

చేయవలసినవి స్పష్టముగా నున్నవి. ప్రతి పేటలోను నివాసులే ఇంటింటి జాబితా వ్రాసి యేటేట సవరింపవలెను. ధనము లెక్క స్త్రీల చేతిలో నుండవలెను. చదువుకొన్న యువకులు వారమున కొక సాయంకాలము పోయి నోటీసులు చదివి అర్థము చెప్పవలెను. నాయకత్వము మాత్రము వహింపరాదు. మూడు లక్షలు మించిన జనాభా గల పట్టణములకు వార్డు సంఘములుండవలెనని 74వ రాజ్యాంగసవరణ చెప్పుచున్నది. వానిలో పేటవాసుల గొంతు వినబడవలెను. నివాసులు సరిచూచి యొప్పుకొనిన జాబితా లేనిదే ఏ గుడిసెను కదల్పమని ప్రతి మునిసిపాలిటీయు తీర్మానింపవలెను. ఇందులకు కోట్లు వ్యయముగావు. ఒక పుస్తకము, ఒక కలము, పదిమంది కూర్చుండుటకొక యరుగు చాలును. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. పదిమంది పేర్లతో, లెక్కతో, తలయెత్తి యడిగినవానిని కాదనుట ఏ ప్రభుత్వమునకును అంత సులభము కాదు.