పరుల పాట

పరులు కట్టిన పాటను పాడి రికార్డునకు ఎక్కించుట సులభమని కొందరందురు. మా యభిప్రాయ మట్లు కాదు. 1920 వ సంవత్సరమున కాకినాడలో జన్మించిన వింజమూరి అనసూయాదేవిగారి జీవితమే యిందులకు నిదర్శనము.

వీరి తల్లి వెంకటరత్నమ్మగారు ‘అనసూయ’ యను స్త్రీల పత్రికకు సంపాదకురాలు. మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు. ఆయన రచించిన ‘జయజయజయ ప్రియభారత’ గీతమునకు వరుస కూర్చినది అనసూయాదేవిగారే. ఆ గీతమున మాట యొకరిది, వరుస యొకరిది. ఇరువుర పేర్లును నిలిచినవి.

సోదరి సీతాదేవిగారితో గూడి వీరు పాడిన జానపదగేయముల సంగతి వేరు. నాట్లు వేయుచు, తిరుగలి విసరుచు, ఉయ్యెల నూచుచు వానిని కట్టిన తల్లుల పేర్లు ఎవరికిని తెలియవు. చదువుకొన్నవారు మోటపాటలని త్రోసిపుచ్చినవానిని ఈ సోదరీమణులు సభలలోను, రేడియోలోను, రికార్డులలోను ఆదరముతో పాడిరి. అనసూయాదేవిగారు 2019 వ సంవత్సరమున అమెరికాలోని హ్యూస్టనునందు దివంగతులైరి.

రికార్డు కంఠమును నిలుపును. కాని పాటయొక్క ఒక పాఠమునే నిలుపును. ఒకే లాలిపాటను మేము పుట్టినింట నొక తీరునను, అత్తింట నొక తీరునను వింటిమి. మీ యత్తగారు పాడు పాఠము ఏ రికార్డులోను లేకపోవచ్చును. ఆమె యుండగనే, పని తీరిన వేళ చెంత గూర్చుండి పాడించుకొని వ్రాసికొనుడు. పాట క్రింద ఆమె పేరును, ఆమెకు నేర్పినవారి పేరును తప్పక చేర్చుడు.