హద్దులు మార్చేముందు మనల్ని అడగాలి

భద్రాచలం ఏ జిల్లాలో ఉంది? పోటీపరీక్షలో అడిగితే మనం ఒక్క జవాబే రాస్తాం. ఈ ప్రాంతం చరిత్రను అడిగితే చాలా జవాబులు చెబుతుంది.

కొండల నడుమ గోదావరి, కూనవరం దగ్గర దానిలో కలిసే శబరి, పైన ఛత్తీస్‌గఢ్, ఒడిశా అడవులు. కోయలు, కొండరెడ్లు, దళితులు, ఇతర కులాలవాళ్లు కలిసి బతుకుతున్న నేల ఇది. కోయభాష నాలుగు రాష్ట్రాల్లోనూ వినిపిస్తుంది.

1860లో నిజాం గోదావరి ఎడమగట్టు తాలూకాలను బ్రిటిష్‌వారికి అప్పగించాడు. తర్వాత అవి సెంట్రల్ ప్రావిన్సుల్లో చేరాయి. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. పోడు మీద పన్నులు, ఆంక్షలు పెరిగాయి. 1879లో మొదలైన రంప తిరుగుబాటు రేకపల్లికీ పాకింది. 1959లో భద్రాచలం తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం ముంపు కారణంగా భద్రాచలం పట్టణాన్ని తెలంగాణలో ఉంచి, చుట్టుపక్కల మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. చింతూరు, కూనవరం 2022లో మళ్లీ జిల్లా మారాయి.

ఫలితం ఏమిటి? పట్టణానికి ఆనుకునే ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం వేరే రాష్ట్రంలో ఉన్నాయి. రాములవారి గుడి ఒక రాష్ట్రంలో ఉంటే గుడి భూములు ఇంకో రాష్ట్రంలో ఉన్నాయి. సంతకూ, ఆసుపత్రికీ భద్రాచలం రావాలి. కాగితాల కోసం మరోవైపు తిరగాలి. మనలాంటి పిల్లలకు స్థానికత, స్కాలర్‌షిప్ కూడా ఆ హద్దును బట్టే తేలతాయి.

గోదావరికి మాత్రం ఈ హద్దు తెలియదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు ఇటు ఊళ్లూ అటు ఊళ్లూ ఒక్కలాగే మునిగాయి.

ఏ రాష్ట్రం గొప్పదన్నది మా వాదన కాదు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి సేకరించేముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. మరి ఊరికి ఊరినే ఇంకో రాష్ట్రంలో కలిపేటప్పుడు ఆ ఊరి గ్రామసభను అడగాలన్న నియమం ఎందుకు లేదు? ఎకరం భూమికున్న విలువ ఊరికి లేదా? ఆ నియమం రావాలని మేము కోరుతున్నాం. అది వచ్చేదాకా హద్దుకు దగ్గర్లో ఉన్న పిల్లల చదువు, వైద్యం విషయంలో రెండు ప్రభుత్వాలూ ఒక ఒప్పందానికి రావాలి.

ఇందులో మనం చేయాల్సిన పనీ ఉంది. పోలవరం ముంపులో ఊళ్లు ఖాళీ అవుతుంటే వాగుల పేర్లు, గట్ల పేర్లు, కొలుపుల కథలు చెప్పే పెద్దవాళ్లు చెదిరిపోతున్నారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకు వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకెళ్లండి. పెద్దల్ని అడిగి మీ ఊరి సంగతి రాసుకోండి. ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలూ, అక్కలూ! చట్టం తెలిసిన మీరు మన ఊళ్ల తరఫున అర్జీలు రాయండి.

ఇంతకాలం మన హద్దుల్ని ఎవరో గీశారు. కనీసం మన చరిత్రనైనా మనం రాసుకుందాం.