లెక్కకు రాని కాయకష్టము

గణకుడు గడప వద్ద నిలిచి "మీరేమి పని చేయుచున్నారు?" అని అడిగినచో మన గృహిణి తడుముకొనక చెప్పు ప్రత్యుత్తరమొక్కటే: "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటాను." ఆ మాటతో ఆమె శ్రామికశక్తికి వెలుపలి పట్టికలోనికి పోవును. తెల్లవారకముందే లేచి, అందరును పరుండిన పిదపగాని నడుము వాల్చని మనిషికి లభించు బిరుదమిది!

అర్థశాస్త్రమున శ్రామికశక్తి యనగా పనిచేయువారును, పని వెదకువారును. వెదకి వేసారి మానుకొన్నవారు నిరుద్యోగుల పట్టికకు సైతము ఎక్కరు. కేంద్ర ప్రభుత్వపు సర్వేక్షణము ననుసరించి 2023-24లో 15 ఏండ్లు నిండిన పురుషులలో 78.8 శాతము ఈ శక్తిలో నుండగా, స్త్రీలలో 41.7 శాతమే యుండిరి. 2017-18లో స్త్రీల పాలు 23.3 శాతమే కనుక ఇది అభివృద్ధియే. కాని ఈ పెంపులో పెక్కుభాగము పల్లెలలోని స్వయంవృత్తులది. అందు కుటుంబపు పనిలో కూలి లేక సాయపడువారును గలరు. లెక్కలో చోటు దొరికినంత మాత్రమున చేతికి కూలి దొరికినట్లు కాదు.

చేనేత యింటిని చూడుడు. ఇల్లాలు మగ్గమునకు కండెలు చుట్టినచో అది పని, లెక్కకు వచ్చును. అదే చేతితో అన్నము వండి, మామగారికి మందిచ్చి, బిడ్డకు నీళ్లు పోసినచో అది పని కాదు!

వెలుపలనున్నవారిలో విద్యార్థులు, వృద్ధులు, రోగులు లేకపోలేదు. కాని స్త్రీల విషయమున మొదటి కారణము ఇంటిచాకిరియే. 2024 నాటి కాలవినియోగ సర్వేక్షణములో, వేతనము లేని ఇంటిపనులు చేసినవారిలో స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును వెచ్చించినట్లు తేలినది. దాదాపు అయిదు గంటలు ఇట్లు గడచిన పిదప, మిగిలిన పొద్దులో చేయదగిన కొలువు ఇంటికి చేరువగా, భయము లేని దారిలో నుండవలెను. అట్టిది దొరకనిచో ఆమె ఇష్టపడియే ఇంట నున్నదనుట న్యాయమా?

2017లో ప్రసూతి చట్టమును సవరించి, 50 మందియు అంతకు మించియు ఉద్యోగులున్న చోట శిశుసంరక్షణశాల యుండవలెనని విధించినారు. మంచిదే. కాని వరిచేనికిని, బీడీలు చుట్టు అరుగునకును ఆ నిబంధన చేరలేదు. ఊరికొక శిశుసంరక్షణశాల, ఇంటింట కొళాయి, వేళకు వచ్చు బస్సు — ఇవి దయాధర్మములు కావు, ఉపాధికి పునాదులు.

ప్రభుత్వము చేయవలసినది అది. మనము చేయవలసినది మరియొకటి గలదు. ఈ పుటను తీరికగా చదువుచున్న ఈ ఆదివారపు ఉదయమున, మీ యింట తీరిక లేనివారెవరో ఒక్కసారి వంటయింటివైపు చూడుడు. గణకుడు వ్రాయని లెక్క అచ్చట కనిపించును.